కలరీమీటర్‌లో ఏ ఎల్ఈడీ తగిలించారో యంత్రమే గుర్తించేలా చేయడం ఎలా?

నీటి పరీక్షల కోసం చిన్న కలరీమీటర్‌ను, అంటే రసాయనం కలిపిన నీళ్లు కాంతిని ఎంత మింగేస్తున్నాయో చూసి అందులోని పదార్థాన్ని కొలిచే పరికరాన్ని, సొంతంగా తయారుచేసుకున్నవారికి కొద్ది రోజుల్లోనే ఒక సంగతి తెలిసివస్తుంది. పరీక్ష మారిన ప్రతిసారీ కాంతి మారాలి. నల్లగొండ జిల్లా నీళ్లలో చాలాకాలంగా వేధిస్తున్న ఫ్లోరైడ్‌ను స్పాడ్న్స్ అనే రంగు రసాయనంతో కొలవాలంటే 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి కావాలి. క్లోరిన్‌ను డీపీడీ అనే రసాయనంతో చూడాలంటే 515 దగ్గరి పచ్చ కాంతి కావాలి. ఫాస్ఫేట్‌ను ఆస్కార్బిక్ ఆమ్ల పద్ధతిలో చూడటానికి 880, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7027 ప్రకారం నీటి మసకతనం కొలవడానికి 860 నానోమీటర్ల పరారుణ కాంతి అవసరం. అందుకే ఎల్ఈడీని మార్చుకోదగిన చిన్న మాడ్యూల్‌గా చేసి, కనెక్టర్‌తో తగిలించుకునే ఏర్పాటు అందరూ చేసుకుంటారు. తప్పు మాడ్యూల్ తగిలించినా యంత్రం మారుమాట లేకుండా ఏదో ఒక అంకె చూపిస్తుంది కాబట్టి, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

తగిలించిన మాడ్యూల్ ఏదో యంత్రమే కనిపెట్టి, అనుమానం ఉంటే పరీక్ష మొదలుపెట్టకుండా ఆగేలా చేసే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులో మూడు అంచెలున్నాయి. మొదటిది మాడ్యూల్ తన గురించి తాను చెప్పుకునే గుర్తింపు, రెండోది ఎల్ఈడీ మీద పడే వోల్టేజ్, మూడోది అది వెలువరించే కాంతి. మొదటి అంచె ఒక్కటే చాలనుకునేవారు చాలామంది ఉన్నారు. నేనూ అలాగే అనుకుని ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌కు మూలమైన సూత్రాన్ని 1974లో జపాన్‌కు చెందిన తకువో అవోయగి ప్రతిపాదించారు. నేటి ఆక్సీమీటర్ ప్రోబ్‌లలో సాధారణంగా 660 నానోమీటర్ల ఎరుపు ఎల్ఈడీ, 940 నానోమీటర్ల పరారుణ ఎల్ఈడీ ఉంటాయి. తయారీలో ఎరుపు ఎల్ఈడీ తరంగదైర్ఘ్యం అటూ ఇటూ కొద్దిగా మారితే ఆక్సిజన్ లెక్క తప్పుతుంది. అందుచేత కొన్ని రకాల ప్రోబ్‌లలో ప్లగ్ లోపలే ఒక రెసిస్టర్ పెట్టి, దాని విలువను బట్టి ఆ ఎల్ఈడీ అసలు తరంగదైర్ఘ్యం ఏ శ్రేణిలో ఉందో యంత్రానికి తెలియజేస్తారు. మన మొదటి అంచె సరిగ్గా ఇదే.

ముందుగా కనెక్టర్

మాడ్యూల్‌కు నాలుగు తీగలు చాలు: ఎల్ఈడీ ఆనోడ్, క్యాథోడ్, గుర్తింపు తీగ, గ్రౌండ్. చవకగా దొరుకుతుంది కదా అని హెడ్‌ఫోన్లకు వాడే 3.5 మిల్లీమీటర్ల జాక్ మాత్రం పెట్టకండి. ఆ పిన్ను లోపలికి జారేటప్పుడు దాని కొన ఒక్కో స్పర్శనూ తాకుతూ వెళ్తుంది కాబట్టి, ఎల్ఈడీకి వెళ్లాల్సిన వోల్టేజ్ క్షణకాలం గుర్తింపు తీగ మీద పడవచ్చు. ల్యాండ్‌లైన్ ఫోన్ తీగకుండే చదరపు ప్లగ్ గానీ, బోర్డుల మీద వాడే చిన్న జేఎస్‌టీ కనెక్టర్ గానీ మేలు. ప్లగ్ తగిలిన వెంటనే కొలవడం మొదలుపెట్టకుండా, గుర్తింపు తీగ మీది రీడింగ్ 300 మిల్లీసెకన్లపాటు నిలకడగా ఉన్నాకే ముందుకు వెళ్లేలా ప్రోగ్రామ్ రాయండి.

మొదటి అంచె: గుర్తింపు రెసిస్టర్ లేదా గుర్తింపు చిప్

మాడ్యూళ్లు ఎనిమిది లోపు ఉంటే రెసిస్టర్ సరిపోతుంది. యంత్రం వైపు గుర్తింపు తీగకూ 5 వోల్ట్లకూ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, మాడ్యూల్ వైపు ఆ తీగకూ గ్రౌండ్‌కూ మధ్య మీరు ఎంచుకున్న రెసిస్టర్‌ను సోల్డర్ చేయండి. ఆర్డ్యుయినో ఉనో మైక్రోకంట్రోలర్ బోర్డులోని 10 బిట్ల ఏడీసీతో (వోల్టేజ్‌ను 0 నుంచి 1023 దాకా ఒక అంకెగా మార్చే భాగం) చదివితే 1 కిలోఓమ్‌కు 93, 2.2కు 184, 3.9కు 287, 6.8కు 414, 10కి 512, 15కు 614, 22కు 703, 39కి 814 దగ్గర అంకెలు వస్తాయి. మాడ్యూల్ లేకపోతే అంకె 1023 దగ్గర, తీగ గ్రౌండ్‌కు తగిలిపోయి ఉంటే సున్నా దగ్గర ఉంటుంది. ఈ రెండు చివరలనూ ఏ మాడ్యూల్‌కూ కేటాయించకూడదు.

విలువలను ఇలా ఎంచుకోవడంలో లెక్క ఉంది. ఒక శాతం తేడా గల రెసిస్టర్లు రెండూ వ్యతిరేక దిశల్లో గరిష్ఠంగా తప్పినా, మధ్యలో ఉండే విలువకు రీడింగ్ 5 అంకెల కంటే ఎక్కువ కదలదు. పక్కపక్క మాడ్యూళ్ల మధ్య దూరమేమో 89 అంకెలకు తగ్గదు. అందువల్ల ప్రతి విలువకూ అటూ ఇటూ 20 అంకెలను మాత్రమే అంగీకరించి, మధ్యలో పడినదాన్ని 'తెలియదు' అని తేల్చేయవచ్చు. దగ్గరున్న దానికి సర్దేసే అలవాటు ప్రోగ్రామ్‌కు చేయకండి, ఎందుకంటే తుప్పు పట్టిన పిన్ను గానీ తేమ చేరిన ప్లగ్ గానీ మొదట బయటపడేది ఈ మధ్య ప్రాంతాల్లోనే. సరఫరా వోల్టేజ్ తగ్గినా ఇక్కడ ఇబ్బంది లేదు. డివైడర్‌కూ (వోల్టేజ్‌ను పంచే ఆ రెండు రెసిస్టర్ల జంట) ఏడీసీకీ ఆధారం అదే వోల్టేజ్ కావడంతో రెండూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మారదు.

మాడ్యూళ్లు ఎక్కువైనా, ఒక్కో మాడ్యూల్‌కు సొంత క్రమాంకనం (తెలిసిన ద్రావణాలతో సరిచూసుకున్న లెక్క) దాచాలన్నా రెసిస్టర్ బదులు డీఎస్2431 లాంటి ఒన్-వైర్ (ఒకే తీగ మీద మాట్లాడే) మెమరీ చిప్ పెట్టండి. దీనికీ ఒక తీగ, గ్రౌండ్ చాలు కాబట్టి కనెక్టర్ మార్చనక్కర్లేదు, కానీ 10 కిలోఓమ్‌ల స్థానంలో 2.2 కిలోఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ కావాలి. అందులో 1024 బిట్లు, అంటే 128 బైట్ల స్థలం ఉంటుంది. ప్రతి చిప్‌కూ ఫ్యాక్టరీలోనే వేసిన 64 బిట్ల ప్రత్యేక సంఖ్య ఉంటుంది. నేను అందులో దాచేవి ఇవి: కొలిచి చూసిన శిఖర తరంగదైర్ఘ్యం, గరిష్ఠ కరెంటు, ఏ పరీక్షకు ఉద్దేశించినది, 25 డిగ్రీల దగ్గర ఈ ఎల్ఈడీకే కొలిచిన వోల్టేజ్, అమర్చిన తేదీ, చివర చెక్‌సమ్ (రాసినది చెడిపోలేదని సరిచూసే అంకె). వీటిలో ఆ వోల్టేజ్ అంకె ఎంత అవసరమో రెండో అంచెలో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం సంగతి. ఫ్లోరైడ్ మాడ్యూల్‌లో ఎల్ఈడీ పాడైతే నా డబ్బాలోంచి ఒకటి తీసి నేనే మార్చాను. పారదర్శకమైన తలకాయ ఉన్న ఎల్ఈడీలు వెలిగించేదాకా అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వెలిగించి చూశాను కూడా, పచ్చగానే ఉంది కదా అని బిగించేశాను. గుర్తింపు చిప్ మాత్రం ఎప్పటిలాగే 570 అని చెబుతోంది. లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న ప్రామాణిక ద్రావణానికే తప్పు అంకె వస్తుంటే, నేను రసాయనాన్ని అనుమానించాను, క్యూవెట్లు (నమూనా నీళ్లు పోసే చిన్న పారదర్శక పాత్రలు) కడిగాను, ద్రావణాన్ని మళ్లీ కలిపాను. సాయంత్రానికి తేలిందేమిటంటే, నేను పెట్టినది 525 నానోమీటర్ల ఎల్ఈడీ. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇంత ఇరుకైన హద్దుల మధ్య కొలిచే పనిలో మాడ్యూల్ తన గురించి చెప్పుకున్న మాటను సాక్ష్యం లేకుండా నమ్మడానికి వీల్లేదని అప్పటినుంచి మిగతా రెండు అంచెలూ చేర్చాను.

రెండో అంచె: ఎల్ఈడీ వోల్టేజ్

వెలుగుతున్న ఎల్ఈడీ రెండు కాళ్ల మధ్య ఉండే వోల్టేజ్ దాని పదార్థాన్ని బట్టి ఉంటుంది. కాంతి కణం శక్తిని ఎలక్ట్రాన్ వోల్ట్లలో తెలుసుకోవాలంటే 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే చాలు: 880కి 1.41, 630కి 1.97, 525కు 2.36 వస్తుంది. అసలు వోల్టేజ్ ఈ అంకెతో అచ్చంగా సరిపోదు గానీ, వరుస మాత్రం ఈ దిశలోనే నడుస్తుంది.

కొలిచే ఏర్పాటు తేలిక. మైక్రోకంట్రోలర్ పిన్ను నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా ఎల్ఈడీ ఆనోడ్‌కు 5 వోల్ట్లు ఇచ్చి, క్యాథోడ్‌ను గ్రౌండ్‌కు కలిపి, ఆనోడ్ దగ్గర ఏడీసీతో చదవండి. ఆ సమయంలో ఎల్ఈడీకి పని కరెంటునిచ్చే డ్రైవర్ పూర్తిగా ఆగి ఉండాలి. ఈ రెసిస్టర్‌తో పరారుణ ఎల్ఈడీకి 3.7, నీలానికి 2.3 మిల్లీఆంపియర్ల దగ్గర కరెంటు వెళ్తుంది. మామూలు సూచక ఎల్ఈడీ ఏదీ దీనికి పాడవదు, తీగ నిరోధం వల్ల వచ్చే తప్పు కూడా ఇంత తక్కువ కరెంటులో లెక్కలోకి రాదు. 3.3 వోల్ట్ల బోర్డుతో ఈ పని చేయబోతే నీలం, పచ్చ ఎల్ఈడీలకు మిగిలే వోల్టేజ్ మరీ తక్కువ అవుతుంది కాబట్టి పరీక్ష వోల్టేజ్‌ను 5గానే ఉంచండి. ఏడీసీ 3.3 వోల్ట్లకు మించి తట్టుకోలేనిదైతే, ఆనోడ్‌కూ దానికీ మధ్య పెద్ద విలువ రెసిస్టర్లతో డివైడర్ పెట్టండి.

ఇక్కడ సరఫరా వోల్టేజ్ విషయంలో జాగ్రత్త తప్పదు. గుర్తింపు రెసిస్టర్ మాదిరిగా ఇది నిష్పత్తి కొలత కాదు. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్ట్లు నిజానికి 4.7 మాత్రమే ఉంటే, 2.00 వోల్ట్ల ఎల్ఈడీ మీకు 2.13గా కనిపిస్తుంది. ఉనోలో ఉన్న 1.1 వోల్ట్ల అంతర్గత ఆధార వోల్టేజ్‌తో పోల్చి ముందు సరఫరాను కొలిచి సరిదిద్దుకోండి, లేదా సొంత ఆధారం ఉన్న ఏడీఎస్1115 వంటి 16 బిట్ల ఏడీసీ వాడండి.

కొన్ని మిల్లీఆంపియర్ల దగ్గర మీకు కనిపించే అంకెలు సుమారుగా ఇలా ఉంటాయి. 860, 880, 940 నానోమీటర్ల పరారుణ ఎల్ఈడీలు 1.2 నుంచి 1.4 వోల్ట్ల మధ్య ఉంటాయి. 630 ఎరుపు, 590 పసుపు, 570 పసుపుపచ్చ రంగులవి 1.7 నుంచి 2.1 మధ్య ఉంటాయి. 525 పచ్చ, 470 నీలం, తెలుపు 2.5 నుంచి 3.0 మధ్య ఉంటాయి. తెల్ల ఎల్ఈడీ అంటే పైన ఫాస్ఫర్ పూసిన నీలం చిప్పే కాబట్టి వోల్టేజ్ ద్వారా ఆ రెండింటినీ వేరుచేయలేరు.

కంటికి పక్కపక్కనే ఉన్నట్టుండే 525, 570 పచ్చలు వోల్టేజ్‌లో మాత్రం ఎంతో దూరంగా ఉంటాయి, ఎందుకంటే మొదటిది ఇండియం గాలియం నైట్రైడ్‌తో, రెండోది సాధారణంగా గాలియం ఫాస్ఫైడ్‌తో చేసినది. కంటికి ఏ పోలికా లేని 570 పసుపుపచ్చ, 630 ఎరుపు వోల్టేజ్‌లో దాదాపు ఒకేచోట ఉంటాయి. నా ఫ్లోరైడ్ మాడ్యూల్‌లో కన్ను చేసిన పొరపాటును మల్టీమీటర్ ఒక్క క్షణంలో పట్టేసేదన్నమాట: 2.0 ఉండాల్సిన చోట 2.7 చూపించేది.

ప్రోగ్రామ్‌లో హద్దులను మధ్యలో ఖాళీలు వదిలి పెట్టండి. 1.0 కంటే తక్కువైతే షార్ట్, 1.0 నుంచి 1.5 వరకు పరారుణం, 1.6 నుంచి 2.2 వరకు ఎరుపు–పసుపుపచ్చ గుంపు, 2.4 నుంచి 3.4 వరకు పచ్చ–నీలం–తెలుపు గుంపు, 4.5 దాటితే ఎల్ఈడీ తెగిపోయిందనో తిరగేసి పెట్టారనో అర్థం. మిగతా ఖాళీలన్నీ 'తెలియదు' కిందకే వస్తాయి. డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్ట్ల చొప్పున ఎల్ఈడీ వోల్టేజ్ వేడితో తగ్గుతుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర కొలిచిన మాడ్యూల్‌ను మే నెలలో 42 డిగ్రీల ఎండలో బోరుబావి పక్కన తగిలిస్తే 40 మిల్లీవోల్ట్లు తేడా వస్తుంది. గుంపులను వేరుచేయడానికి ఇది అడ్డురాదు గానీ, ఒకే గుంపులోని 570నీ 630నీ వోల్టేజ్‌తోనే విడదీద్దామనుకునే వారి ఆశను మాత్రం ఇది తీర్చనివ్వదు.

చిప్‌లో దాచిన వోల్టేజ్ ఉపయోగపడేది ఇక్కడే. ఇప్పుడు కొలిచిన దాన్ని ఆ అంకెతో పోల్చి, ఉష్ణోగ్రత సవరణ చేశాక 60 మిల్లీవోల్ట్లకు మించి తేడా ఉంటే 'ఇది నమోదైన ఎల్ఈడీ కాదు' అని ప్రోగ్రామ్ చెప్పగలుగుతుంది. అర వోల్టు వెడల్పున్న గుంపు కంటే ఇది ఎంతో బిగువైన పరీక్ష.

ఓపిక ఉంటే మరో చిన్న ఏర్పాటు చేయండి. ఇంకో పిన్ను నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కూడా అదే ఎల్ఈడీని కొలవండి. కరెంటు సుమారు పదో వంతుకు తగ్గినా నిజమైన ఎల్ఈడీ వోల్టేజ్ ఒకటి రెండు వందల మిల్లీవోల్ట్లే దిగుతుంది. పొరపాటున ఎల్ఈడీ తీగల మధ్య 680 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, మొదటి కొలతలో 2.02 వోల్ట్లు వచ్చి అచ్చం ఎరుపు ఎల్ఈడీలా నమ్మించి, రెండో కొలతలో 0.32కు పడిపోతుంది. కనెక్టర్ మురికిపట్టి నిరోధం పెరిగినా ఈ రెండు కొలతల తేడా మామూలు కంటే పెరగడం ద్వారా తెలిసిపోతుంది.

రెండు ఎల్ఈడీలను తలకిందులుగా కలిపి రెండే తీగలతో నడిపే మాడ్యూళ్లుంటే తిరగేసి కూడా కొలవాలి. చాలా ఎల్ఈడీలు తట్టుకోగల వ్యతిరేక వోల్టేజ్ 5 మాత్రమే కాబట్టి, ఈ కొలతను 3.3 వోల్ట్లతో చేయండి, ఎరుపు–పరారుణ జంటకు అది సరిపోతుంది. లేజర్ డయోడ్ ఉండే అవకాశమున్న చోట తిరగేసిన పరీక్ష అసలు చేయకండి. అవి అంతకంటే తక్కువకే పాడవుతాయి. పైగా వోల్టేజ్‌ను బట్టి ఎరుపు లేజర్‌నూ ఎరుపు ఎల్ఈడీనీ వేరుచేయలేం కాబట్టి, లేజర్ మాడ్యూళ్లకు కనెక్టర్ ఆకారమే వేరుగా పెట్టడం కంటికి క్షేమం.

మూడో అంచె: కాంతినే చూడటం

ఒకే గుంపులోని రంగులను విడదీయాలంటే కాంతిని కొలవక తప్పదు. క్యూవెట్ ఖాళీగా ఉన్నప్పుడు కాంతి పడేలా ఏఎస్7341 సెన్సర్‌ను అమర్చండి. అందులో 415, 445, 480, 515, 555, 590, 630, 680 నానోమీటర్ల దగ్గర ఎనిమిది చానెళ్లు, వాటికి తోడు సమీప పరారుణానికి ఒకటి, ఫిల్టర్ లేనిది ఒకటి ఉంటాయి. ముందు ఎల్ఈడీ ఆర్పి చదివి, తర్వాత వెలిగించి చదివి, మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసివేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో గదిలోని దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి, అందుచేత సెన్సర్ కాంతిని కూడబెట్టే సమయం 20 మిల్లీసెకన్లకు గుణిజంగా ఉండాలి.

ఎనిమిది అంకెలనూ వాటి మొత్తంతో భాగించి, వచ్చిన భాగాలను మాత్రమే పోల్చండి. ప్రకాశం ఒక్కో ఎల్ఈడీకి ఒక్కోలా ఉంటుంది, వాడకంతో తగ్గుతుంది, కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకోకూడదు. 470కి 480 చానెల్, 525కు 515 చానెల్, 630కి 630 చానెల్ ముందుంటాయి. 570కి 555, 590 చానెళ్లు రెండూ గట్టిగా స్పందిస్తాయి. తెలుపైతే నీలం వైపు ఒక శిఖరం, పసుపు ప్రాంతమంతా వెడల్పైన మరొక దిబ్బ కనిపిస్తాయి. పరారుణానికి సమీప పరారుణ చానెల్ ఒక్కటే ప్రధానంగా కదులుతుంది. ఏ చానెలైనా గరిష్ఠ అంకెకు అంటుకుపోయి ఉంటే ఆ రీడింగ్‌ను పారేసి, గెయిన్ (సెన్సర్ సున్నితత్వం) తగ్గించి మళ్లీ చదవండి. లేకపోతే నిండిపోయిన చానెళ్లన్నీ సమానంగా కనిపించి ఎరుపు కూడా తెలుపుగా తేలుతుంది.

ఈ సెన్సర్ కొనే వీలు లేనివారికి పాత ఉపాయం ఒకటుంది. ఎల్ఈడీ మీద కాంతి పడితే అది కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది, కానీ తన రంగుకు దగ్గరిదానికీ అంతకంటే పొట్టి తరంగాలకూ మాత్రమే స్పందిస్తుంది. కాబట్టి మాడ్యూల్‌కు ఎదురుగా ఎరుపు ఎల్ఈడీ ఒకటి, పచ్చ ఎల్ఈడీ ఒకటి గ్రాహకాలుగా పెడితే, పచ్చ కాంతికి రెండూ స్పందిస్తాయి, ఎరుపు కాంతికి ఎరుపు ఒక్కటే స్పందిస్తుంది. ఆ కరెంటు మరీ స్వల్పం కనుక ఆంప్లిఫయర్ కావాలి.

ఇన్ని చేసినా 860నీ 880నీ వేరుచేయడం ఈ మూడో అంచెకు గానీ రెండో అంచెకు గానీ సాధ్యం కాదు. అక్కడ గుర్తింపు చిప్ మాటే దిక్కు, దాన్ని ఆ ఎల్ఈడీకే నమోదైన వోల్టేజ్‌తో సరిచూడటం ఒక్కటే మన చేతిలో ఉన్నది. ఇలాంటి మాడ్యూళ్లను అమర్చే రోజున దగ్గరి కళాశాల ప్రయోగశాలలో స్పెక్ట్రోమీటర్ కింద పెట్టి, వచ్చిన శిఖరాన్ని చిప్‌లో రాసుకోండి. కంటికి కనిపించే రంగులకైతే ఇంట్లోనే ఒక అంచనా వేయవచ్చు. పూత తీసేసిన సీడీ గీతల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. చీకటి గదిలో సన్నని చీలిక గుండా వచ్చిన కాంతి ఆ సీడీకి నిటారుగా తగిలితే, ఒక మీటరు దూరంలోని గోడ మీద మధ్య గీత నుంచి 525 సుమారు 34.7 సెంటీమీటర్ల దగ్గర, 570 సుమారు 38.1 సెంటీమీటర్ల దగ్గర పడతాయి. దాదాపు మూడున్నర సెంటీమీటర్ల తేడా స్కేలుతో కొలవగలిగేదే.

తీర్పు, ఆ తర్వాత పరీక్ష

ప్రోగ్రామ్ ఇచ్చే సమాధానాలు నాలుగే ఉండాలి: సరిపోయింది, మాడ్యూల్ లేదు, పొంతన లేదు, తెలియదు. మూడు అంచెలూ ఒకే మాట చెప్పినప్పుడే మొదటి సమాధానం ఇవ్వండి. మూడింటిలో రెండు ఒప్పుకున్నాయి కదా అని మెజారిటీ పద్ధతి పెట్టకండి. చిప్ 570 అంటూ, వోల్టేజ్, కాంతి రెండూ 525 అంటే, ఆ మాడ్యూల్‌ను 525గా వాడేయడానికి వీల్లేదు, దాని క్రమాంకనం వేరొక ఎల్ఈడీది. పొంతన లేనప్పుడు పని కరెంటు ఇవ్వకుండా, ఏ అంచె ఏమన్నదో తెర మీద చూపించండి. 'లోపం 3' అని చూపిస్తే బోరుబావి దగ్గర నిలబడిన మనిషికి ఏమీ అర్థం కాదు. 'చిప్ 570 అంటోంది, వోల్టేజ్ 2.71, పచ్చ–నీలం గుంపు' అని చూపిస్తే ఆయనే సగం పని చేసేస్తారు.

అంతా అమరాక ఒక్కో మాడ్యూల్‌ను ఇరవైసార్లు తీసి పెట్టి చూడండి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి ఒకసారి, ఎండలో ఉంచి ఒకసారి, బ్యాటరీ దాదాపు అయిపోయినప్పుడు ఒకసారి ప్రయత్నించండి. కావాలని చిప్‌లను తారుమారు చేసి, ఎల్ఈడీని తిరగేసి, ప్లగ్‌ను సగమే తోసి కూడా చూడండి. ఫలితాలను రెండు పట్టీల్లో రాసుకోండి: సరైనదాన్ని కాదన్న సందర్భాలు ఒకదాంట్లో, తప్పుదాన్ని ఔనన్నవి ఇంకొకదాంట్లో. మొదటి పట్టీలో రెండు మూడు ఉంటే హద్దులను కాస్త సడలించవచ్చు. రెండో పట్టీలో ఒక్కటి పడినా ఆ యంత్రాన్ని బయటికి పంపకుండా, ఏ అంచె మోసపోయిందో వెతకండి.

చివరగా, నమోదయ్యే ప్రతి నీటి రీడింగ్ పక్కన ఆ మాడ్యూల్ చిప్ సంఖ్యనూ, ఆ క్షణాన కొలిచిన వోల్టేజ్‌నూ కూడా దాచేలా ప్రోగ్రామ్ రాయండి. ఆరు నెలల తర్వాత ఏదో ఒక ఊరి లెక్క తేడాగా ఉందని ఎవరైనా అడిగితే, ఏ రీడింగ్ ఏ ఎల్ఈడీతో తీసిందో ఆ వరుసలోనే దొరుకుతుంది.